మా అమ్మాయి లేదన్న మాట మాతో ఇంకా ఎన్నిసార్లు చెప్పిస్తారు?

నిబంధనలు రాసే అధికారులకు, ఉద్యోగాలిచ్చే యాజమాన్యాలకు, ఖాతాలు నడిపే కంపెనీలకు, డాక్టర్లకు

నమస్కారం.

నేను ఒక అమ్మాయికి తండ్రిని. 22 ఏళ్ల వయసులో ఆమె మమ్మల్ని విడిచి వెళ్లిపోయింది. పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ లేఖ మా ఇంటి గురించే కాదు, బిడ్డను పోగొట్టుకున్న ప్రతి ఇంటి గురించి. ఇందులోని విషయాలను విడివిడిగా ఆయా ఆఫీసులకు ఇదివరకే రాశాం. కొన్నింటికి జవాబే లేదు. వచ్చినవాటిలో మీ ఫిర్యాదు అందింది అన్న ఒక్క ముక్క తప్ప ఇంకేమీ లేదు. అందుకే ఇప్పుడు అందరికీ కలిపి, నలుగురి ముందూ రాస్తున్నాను.

మీలో మంచివాళ్లు ఉన్నారు. కౌంటర్ అవతలి నుంచి లేచి వచ్చి నా భార్యకు కుర్చీ వేసిన ఉద్యోగినిని మేం మరిచిపోలేదు. కానీ ఆ మంచితనం ఆమె సొంతం. ఆమె సెలవు పెట్టిన రోజు అదే కౌంటర్ దగ్గర మాకు ఏం ఎదురవుతుందో తేల్చేది నిబంధన. నేను అడుగుతున్నది ఆ నిబంధన గురించి.

ముందుగా మా రోజు ఎలా గడుస్తుందో చెప్పాలి. అది తెలియకపోతే కింద అడిగినవన్నీ చిన్న విషయాల్లా కనిపిస్తాయి.

బిడ్డ పోయిన ఇల్లంటే పొద్దస్తమానం ఏడుస్తూ కూర్చునే ఇల్లనుకుంటారు. ఏడుస్తాం. కానీ కరెంటు బిల్లు కూడా కడతాం, బట్టలు ఉతుకుతాం, కుళాయి కారుతుంటే ప్లంబర్‌కి ఫోన్ చేస్తాం. ఆ పనుల మధ్యలోనే ఎక్కడో ఏదో తగులుతుంది. బీరువా వెనక్కి జారిపడిన జడ క్లిప్పు. తలుపు చట్రం మీద ఏటా పెన్సిల్‌తో గీసిన ఎత్తు గీతలు. కొలిచేటప్పుడు మడమలు పైకెత్తి "ఈసారి నిన్ను దాటేశా నాన్నా" అనేది. నేను తల మీద స్కేలు పెట్టి కిందికి నొక్కేవాణ్ని. తర్వాత ఇంటికి రంగులు వేయించినప్పుడు ఆ చట్రం ఒక్కటీ ముట్టుకోవద్దన్నాం. పెయింటర్ ఎందుకని అడగలేదు. చుట్టూ టేపు అంటించి మిగతాది వేసుకుపోయాడు. ఆయనకు ఏ నిబంధనా ఎవరూ చెప్పలేదు.

పెరట్లో మొక్కలన్నీ ఆమె పెట్టినవే. ఆమె పోయాక చాలా రోజులు మాలో ఎవరం అటువైపు వెళ్లలేకపోయాం. వెళ్లి చూసేసరికి మందార కొమ్మల గణుపుల్లో తెల్లగా దూది అంటించినట్టు పిండినల్లి పట్టి ఉంది. చిగుళ్లు ముడుచుకుపోయాయి, మొగ్గలు విచ్చుకోకుండానే రాలిపోతున్నాయి. కాండం మీద పైకీ కిందికీ చీమల బారు. పిండినల్లి వదిలే తీపి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, ఒక కొమ్మ మీది నుంచి ఇంకో కొమ్మకు మోసుకెళ్తాయి కూడా. చీమల సంగతి చూడకుండా ఎంత మందు కొట్టినా మళ్లీ పట్టేస్తుంది. ముందు బాగా పట్టిన కొమ్మలు కత్తిరించి దూరంగా పారేయాలి. తర్వాత పైపుతో నీళ్లు గట్టిగా కొట్టి కడగాలి. వేపనూనె, కాస్త సబ్బు నీళ్లలో కలిపి ఆకుల అడుగు భాగం తడిసేలా పిచికారీ చేయాలి. చీమలు ఎక్కకుండా కాండానికి జిగురు పట్టీ చుట్టాలి. ఇదంతా నాకు ముందే తెలిసింది కాదు, ఆమె నోట్‌బుక్‌లో ఆమె చేతిరాతలో ఉంది. పక్కనే బాణం గుర్తు పెట్టి "ఎండలో కొట్టొద్దు, ఆకు మాడుతుంది" అని రాసుకుంది.

చూసినవాళ్లంతా ఒకటే సలహా ఇచ్చారు. పీకేసి కొత్తది పెట్టుకోండి అని. చిన్న వయసులో బిడ్డను పోగొట్టుకున్న దంపతులకు కూడా ఇలాంటి సలహాయే దొరుకుతుంది, ఇంకొకరిని కనండి అని. మేం మందారను పీకలేదు.

దుఃఖంలో ఉన్న మనిషి కాసేపు పోయినవాళ్ల తలపుల్లో, కాసేపు బతుకు పనుల్లో ఉంటాడని, ఈ రాకపోకల వల్లే తట్టుకోగలుగుతాడని మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు 1999లో వివరించారు. మా ఇంట్లో జరుగుతున్నది అచ్చంగా అదే. మొక్కలకు నీళ్లు పోస్తున్నారు కాబట్టి కోలుకున్నారని ఎవరైనా అనుకుంటే అది నిజం కాదు. అలాగని నీళ్లు పోయడం నటనా కాదు. కష్టపడి ఆ పనుల్లో పడ్డ మనిషిని చెయ్యి పట్టి వెనక్కి లాగేది చాలాసార్లు మీ దగ్గర నుంచి వచ్చే కాగితం, మెసేజ్, ఫోన్ కాల్. వాటి గురించి ఇప్పుడు వరసగా చెబుతాను.

1. మరణం గురించి ఒక్కసారి చెబితే సరిపోవాలి.

మా అమ్మాయి లేదని బ్యాంకుకు చెప్పాం. ఫోన్ కంపెనీకి చెప్పాం. బీమా వాళ్లకు, చదివిన కాలేజీకి, పనిచేసిన చోట, పన్నుల ఆఫీసుకు, పళ్ల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్లు చూసే వాళ్లకు చెప్పాం. ప్రతి చోటా ఒరిజినల్ సర్టిఫికెట్ అడిగారు. ప్రతి చోటా "మీకు ఏమవుతారు?" అని, "ఎలా జరిగింది?" అని అడిగారు. ఎలా జరిగిందో ఫోన్ కనెక్షన్ రద్దు చేయడానికి ఎందుకు? ఒక చోటైతే ఖాతా మూసేయాలంటే ఖాతాదారు స్వయంగా రావాలన్నారు. అవతలి అబ్బాయి తన ముందున్న స్క్రీన్ చూసి చదివాడు, అతని తప్పేమీ లేదు. ఆ వాక్యాన్ని స్క్రీన్ మీదికి ఎక్కించినవాళ్లు ఈ లేఖ చదవాలి.

ఇన్ని చోట్ల చెప్పినా ఆమె పుట్టినరోజున ఆమె పేరు మీదే శుభాకాంక్షలూ, ఆఫర్లూ వచ్చాయి. ఆ మెసేజ్ ముందుగా చూసింది నా భార్య. ఆ రోజంతా ఆమె వంటింట్లో లైటు కూడా వేయలేదు.

ఇది తప్పించలేని బాధ కాదు. బ్రిటన్‌లో ప్రభుత్వం నడిపే ఒక సేవ ఉంది. మరణాన్ని నమోదు చేసేటప్పుడు కుటుంబానికి ఒక నంబరు ఇస్తారు. దానితో ఒక్కసారి సమాచారం ఇస్తే పన్నులు, పెన్షన్లు, పాస్‌పోర్టులు, డ్రైవింగ్ లైసెన్సులు చూసే చాలా ప్రభుత్వ శాఖలకు కబురు వెళ్లిపోతుంది. ఆ సేవ పేరే 'ఒక్కసారి చెప్పండి' అన్న అర్థం వచ్చేలా పెట్టారు. మా డిమాండ్ కూడా అంతే. మరణం నమోదైన చోటి నుంచే మిగతా ఆఫీసులకు సమాచారం వెళ్లాలి. బ్యాంకులు, ఫోన్ కంపెనీలు, బీమా కంపెనీలు అందులో చేరాలి. కబురు అందిన రోజే ప్రచార మెసేజ్‌లు ఆగిపోవాలి.

2. సెలవును హక్కు చేయండి. దాన్ని విడతలుగా వాడుకోనివ్వండి. బిడ్డ వయసు చూడకండి.

నాకు దొరికిన సెలవు దూరపు బంధువు పోయినప్పుడు ఇచ్చేంతే. ఫారంలో ఉన్న గడి 'కుటుంబంలో మరణం' అన్న ఒక్కటే. నా భార్యది కాంట్రాక్టు పని, ఆమెకు ఆ గడి కూడా లేదు. రోజు కూలీ మీద బతికే తల్లిదండ్రుల సంగతి ఇంకా కష్టం. బిడ్డను సాగనంపిన మర్నాడే పనికి వెళ్లకపోతే వాళ్లకు ఆ రోజు గడవదు. యంత్రాల దగ్గర, బండి స్టీరింగు దగ్గర, రోగి మంచం పక్కన అలాంటి మనసుతో నిలబడాల్సి వస్తే ఏం జరగొచ్చో యాజమాన్యాలకు నేను చెప్పక్కర్లేదు.

బ్రిటన్‌లో 2020 ఏప్రిల్ నుంచి 2 వారాల సెలవు చట్టబద్ధమైన హక్కు అయింది. 18 ఏళ్ల లోపు బిడ్డ చనిపోయినా, 24 వారాల గర్భం తర్వాత బిడ్డ ప్రాణం లేకుండా పుట్టినా అది వర్తిస్తుంది. అందులో నాకు నచ్చింది రోజుల సంఖ్య కాదు. ఆ 2 వారాలూ ఒకేసారి వాడేయాలన్న పట్టు లేదు. ఒక వారం ఇప్పుడు, ఇంకో వారం తర్వాత, 56 వారాల లోపు ఎప్పుడైనా తీసుకోవచ్చు. రాసినవాళ్లెవరో గాని ఈ బాధ తెలిసినవాళ్లే రాసి ఉంటారు. మొదటి రోజుల్లో ఇంటి నిండా జనం ఉంటారు. నిజంగా సెలవు అవసరమయ్యేది అందరూ వెళ్లిపోయాక, మొదటి పుట్టినరోజుకు, మొదటి ఏడాది పూర్తయ్యే రోజుకు.

వయసు పరిమితితో మాత్రం నేను ఏకీభవించలేను. 18 దాటిన బిడ్డ కూడా బిడ్డే. 50 ఏళ్ల కొడుకును పోగొట్టుకున్న ముసలి తల్లీ తల్లే. మా అమ్మాయికి 22. ఆ చట్టమే మాకు ఉన్నా మాకు అక్కరకు రాకపోయేది. చట్టం రాసేటప్పుడు ఈ తప్పు చేయకండి.

3. పిల్లల ఫొటోలు, గొంతులు తల్లిదండ్రులకు దక్కేలా చూడండి.

పాత రోజుల్లో జ్ఞాపకాలు ట్రంకు పెట్టెలో ఉండేవి. ఇప్పుడు పాస్‌వర్డ్ వెనుక ఉంటున్నాయి. నా ఫోన్‌లో ఆమె పంపిన వాయిస్ మెసేజ్ ఒకటి ఉంది. బయట వాన, ఆటో హారన్, మధ్యలో "నాన్నా, గేటు తాళం తీసిపెట్టు, వచ్చేస్తున్నా" అన్న మాట. ఫోన్ మార్చాల్సి వచ్చినప్పుడల్లా అది పోతుందేమోనని నాకు టెన్షన్. ఆమె తీసుకున్న ఫొటోలు, పెరటి వీడియోలు ఆమె ఖాతాలోనే ఉన్నాయి. అందులోకి వెళ్లే దారి మాకు లేదు.

2 ఏళ్ల పాటు ఎవరూ వాడని వ్యక్తిగత ఖాతాలను, అందులోని ఫొటోలతో సహా తొలగించవచ్చన్న విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమల్లోకి తెచ్చింది. పాత ఖాతాలు దొంగల చేతిలో పడకుండా భద్రత కోసం అన్నది వాళ్లు చెప్పే కారణం. అందులో న్యాయం ఉంది. కానీ బిడ్డ పోయిన ఇంట్లో 2 ఏళ్లంటే ఎంత? ఆ ఫొటోలు చూసే ధైర్యం కొందరికి అప్పుడప్పుడే వస్తుంది. తన తర్వాత ఖాతా ఎవరికి చెందాలో ముందే రాసిపెట్టే వీలు ఫేస్‌బుక్‌లో 2015 నుంచి, ఆపిల్ ఫోన్లలో 2021 చివరి నుంచి ఉంది. గూగుల్‌లోనూ అలాంటి ఏర్పాటు ఉంది. మంచిదే. కానీ ఇరవై ఏళ్ల పిల్లలు తాము పోతామని అనుకుని సెట్టింగ్స్ నింపుకోరు కదా.

కాబట్టి అడుగుతున్నాం. మరణ ధ్రువపత్రం చూపిన వెంటనే ఆ ఖాతా తొలగింపు ఆగిపోవాలి. ఫొటోలు, వీడియోలు, కుటుంబానికి పంపిన సందేశాలు డౌన్‌లోడ్ చేసుకునే పద్ధతి ఉండాలి. ఆ పద్ధతి కోర్టుల చుట్టూ తిప్పేది కాకూడదు, మామూలు మనిషి ఇంట్లో కూర్చుని నింపగలిగిన ఫారం అయి ఉండాలి. ఆమె స్నేహితులతో చెప్పుకున్న మాటలు మాకు వద్దు. అవి ఆమె సొంతం. బతికుండగా ఆమె గది తలుపు తట్టకుండా మేం లోపలికి వెళ్లలేదు, ఇప్పుడూ వెళ్లం.

4. జరిమానా కన్నా ముందు ఒక మనిషిని పంపండి.

పెరడు పట్టించుకోని ఆ రోజుల్లో గోడ దాటి కొమ్మలు పెరిగాయి, కలుపు మోకాలి ఎత్తు వచ్చింది. స్థానిక అధికారులు గేటుకు నోటీసు అంటించి వెళ్లారు. గడువులోగా శుభ్రం చేయకపోతే జరిమానా వేసి, వాళ్లే కొట్టేయించి, ఆ ఖర్చు కూడా మా దగ్గరే వసూలు చేస్తారట. నిబంధన తప్పని అనను. పొదల్లో పాములు, దోమలు చేరితే పక్కింటివాళ్లకూ ప్రమాదమే. కానీ గేటు దాకా వచ్చిన మనిషి బెల్లు కొట్టలేదు. కొట్టి ఉంటే రెండు నిమిషాల్లో విషయం తెలిసేది. గడువు పెంచమని మేం రాసిన లేఖకు నేటికీ సమాధానం లేదు. చివరికి పక్కింటి పెద్దాయన, మా ఆవిడ కలిసి గోడ మీది కొమ్మలు కత్తిరించారు. మందార దగ్గరికి వచ్చేసరికి ఆయన కత్తెర ఆమె చేతికిచ్చి పక్కకు తప్పుకున్నాడు.

ఒక ఇల్లు ఉన్నట్టుండి పాడుపడినట్టు కనిపిస్తే లోపల ఏదో జరిగి ఉంటుంది. చావు కావచ్చు, జబ్బు కావచ్చు. నోటీసు ఇచ్చే ముందు ఒకసారి మనిషి వెళ్లి మాట్లాడాలని రాయండి. మరణం జరిగిన ఇంటికి గడువు పెంచే అధికారం కింది ఉద్యోగికే ఇవ్వండి, పైనుంచి ఫైలు వచ్చేదాకా ఆపకండి. ఇంట్లోవాళ్ల అనుమతి లేకుండా ఏ చెట్టూ మొదలు దాకా కొట్టకూడదు. ఆ చెట్టు ఎవరు నాటారో మీకు తెలియదు.

5. డాక్టర్లు మమ్మల్ని కూడా రోగులుగా చూడాలి.

బిడ్డకు వైద్యం చేసిన ఆసుపత్రికి బిడ్డ పోయాక తల్లిదండ్రులతో పని ఉండదు. కానీ మా ఆరోగ్యం కూడా అక్కడి నుంచే దెబ్బతినడం మొదలవుతుంది. 18 ఏళ్ల లోపు బిడ్డలను కోల్పోయిన 21 వేల మందికి పైగా తల్లిదండ్రుల వివరాలతో డెన్మార్క్‌లో చేసిన అధ్యయనం 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆ తల్లులు చనిపోయే ప్రమాదం మిగతా తల్లుల కన్నా 40 శాతానికి పైగా ఎక్కువగా కనిపించింది. ప్రమాదాలు, ఆత్మహత్యల వంటి అసహజ మరణాలు మొదటి 3 ఏళ్లలో మరీ ఎక్కువ. తండ్రుల్లోనూ మొదటి ఏళ్లలో అవే పెరిగాయి. అంటే మొదటి 3 ఏళ్లు ఎవరో ఒకరు మమ్మల్ని పలకరిస్తూ ఉండాలి. మొదటి నెలలో ఒక ఫోన్ కాల్, ఆరు నెలలకు ఒకటి, ఆ తర్వాత ఏటా ఒకటి. నిద్ర పడుతోందా, తింటున్నారా, చావాలనిపిస్తోందా అని తిన్నగా అడగండి. అడిగితే ఆ ఆలోచన వస్తుందని భయపడకండి. ఆ ఆలోచన ఉన్నవాళ్లకు చెప్పుకునే వీలు దొరుకుతుంది.

ఇంకో మాట. దుఃఖానికి 5 దశలుంటాయని, చివరిది ఒప్పుకోవడమని మాకు చాలామంది చెప్పారు, డాక్టర్లతో సహా. 1969లో ఎలిజబెత్ కుబ్లర్ రాస్ అనే మానసిక వైద్యురాలు ఆ దశల గురించి చెప్పింది చావుకు దగ్గరైన రోగులతో మాట్లాడి. బిడ్డలు పోయిన తల్లిదండ్రులను చూసి కాదు. ఆ మెట్ల లెక్కతో మా ఇంటికి వచ్చి ఇంకా మూడో దశలోనే ఉన్నారని తేల్చకండి. పోయినవాళ్లతో బంధాన్ని తెంచుకోవడం కాదు, దాన్ని కొత్త రూపంలో నిలుపుకోవడం మామూలు విషయమేనని డెనిస్ క్లాస్ వంటి పరిశోధకులు 1996లోనే చెప్పారు. క్లాస్ ఏళ్ల తరబడి పనిచేసింది బిడ్డలను కోల్పోయిన తల్లిదండ్రుల బృందాలతోనే. మా ఆవిడ రోజూ మందారతో మాట్లాడుతుంది. అది జబ్బు కాదు.

అలాగని జబ్బే ఉండదనీ అనను. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత అని ఒకటుంది. కనీసం 6 నెలలు దాటాక కూడా తట్టుకోలేని తపన, రోజువారీ పనులు ఆగిపోవడం, ఆయా సమాజంలో మామూలుగా ఉండే దుఃఖాన్ని మించిపోవడం దాని గుర్తులు. దానికి తగిన మాటల చికిత్స ఉంది. అవసరమైనవాళ్లను గుర్తించి అక్కడికి పంపండి. ఆరు నెలలైంది కదా అని మిగతావాళ్లకు చీటీ రాసేయకండి.

6. వస్తువులు తిరిగి ఇచ్చే తీరు మార్చండి.

ఆమె చెప్పులు, వాచీ, బట్టలు చెత్త వేసే నల్ల సంచిలో కట్టి ఇచ్చారు. పైన ఒక నంబరు. సంతకం పెట్టించుకుని తర్వాతివాళ్లను పిలిచారు. శుభ్రమైన పెట్టె, దాని మీద మనిషి పేరు, కూర్చుని తీసుకోవడానికి ఒక గది. దీనికి బడ్జెట్ లేదనకండి.

7. ఫారాల్లో మా బిడ్డకు చోటివ్వండి.

'పిల్లలు ఎంతమంది?' అన్న గడి దగ్గర మేం ఆగిపోతాం. సున్నా రాస్తే ఆమె అసలు పుట్టలేదన్నట్టు, ఒకటి రాస్తే వెంటనే 'వయసు, చదువు, ఉద్యోగం' అడుగుతారు. ఆ గడి మీకు నిజంగా అవసరమా అని ముందు చూడండి. అవసరమైతే 'జీవించి లేరు' అన్న వీలు పెట్టండి. అది నింపినవాళ్లను ఇక ప్రశ్నలు వేయకండి.

ఈ ఏడింటిలో కొత్త చట్టం కావాల్సింది సెలవు ఒక్కదానికే. మొదటిదానికి ఆఫీసుల మధ్య ఒప్పందం చాలు. ఖాతాల విషయం కంపెనీలు తలుచుకుంటే రేపే మార్చగలవు. సంచి, ఫారం, గేటు దగ్గర బెల్లు విషయాలకు ఒక సర్క్యులర్ సరిపోతుంది.

ఈ లేఖకు సానుభూతి చెబుతూ జవాబు రాయకండి. మీ పరిధిలోకి వచ్చేది ఏ నంబరు, దాని బాధ్యత ఏ అధికారిది, ఎప్పటిలోగా మారుస్తారు, ఈ మూడూ రాసి పంపండి. మార్చలేమంటే కారణం రాయండి. వచ్చిన జవాబులను ఇలాగే అందరి ముందూ పెడతాను. జవాబు ఇవ్వనివాళ్ల జాబితా కూడా పెడతాను.

ఇట్లు,
ఒక అమ్మాయి తండ్రి